పద్మవ్యూహంలో మా అత్తయ్యగారు

దెయ్యాలూ మహిమలూ అంటే నాకు మొదటినుంచీ నమ్మకం లేదు. పాతికేళ్లు పిల్లలకి సైన్సు చెప్పినదాన్ని. చర్చిలో ఎవరైనా లేచి జబ్బు మాయమైందని సాక్ష్యం చెబితే, డాక్టరుగారి మాత్ర కూడా కాస్త పనిచేసి ఉంటుందిలే అనుకునే రకం. అందుకే ఈ సంగతి ఇన్నాళ్లూ బయట ఎవరికీ చెప్పలేదు.

సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే చేతుల్లోకి వస్తున్న రోజులు. మాది మామిడికుదురు. మా అమ్మాయి లిల్లీ ఒకటో తరగతి పూర్తిచేసింది. కడియం వైపు ఒక నర్సరీవాళ్లు చూడ్డానికని కొత్త తోటలు వేశారట, ఒక్కో తోటా ఒక్కో లోకంలా ఉందట అని బడిలో ఎవరో చెప్పారు దానికి. ఇక రోజూ అదే గొడవ. మే నెల ఎండలో తోటలేమిటని మా వారు వాయిదా వేసీ వేసీ, చివరికి ఒక శనివారం ట్యాక్సీ మాట్లాడారు. అప్పటికి ఆ తోటలు తెరిచి నెలరోజులు కాలేదు.

మా అత్తయ్యగారు రానన్నారు. ఆవిడకి రెండు కళ్లకీ శుక్లాలు. వెలుతురు తెలుస్తుంది, మనుషులు నీడల్లా తెలుస్తారు. అంతే. కంచంలో కూర ఎటువైపు ఉందో మేం చెప్పాలి. ఆపరేషనంటే భయంతో రెండేళ్లుగా రేపూమాపూ అంటున్నారు.

"తోటలు చూడ్డానికి నాకు కళ్లేవే అమ్మాయ్?" అన్నారు.

"నేను చూసి చెప్తాగా నానమ్మా" అంది లిల్లీ. ఆ మాటకి లేచి చీర మార్చుకున్నారు.

రావులపాలెంలో ఆగి అరటిపళ్లు కొన్నాం. వంతెన మీద గోదావరి గాలి మొహానికి తగిలేసరికి లిల్లీతో పాటు నేనూ చిన్నపిల్లనైపోయాను.

లోపల అడుగుపెట్టాక ఎటు చూడాలో తెలియలేదు. ఒకచోట అన్నీ తెల్లపూలే, దానికి వెన్నెల తోటని పేరు పెట్టారు. ఒకచోట మొక్కల్ని ఏనుగులుగా, నెమళ్లుగా కత్తిరించారు. లిల్లీ ఒక్కో ఏనుగు దగ్గరకీ పరిగెత్తి, వెనక్కి వచ్చి, నానమ్మకి తొండం ఎంత పొడుగో చేతులు చాపి చూపించేది. చూపిస్తే ఆవిడకేం కనిపిస్తుంది? అయినా ఆవిడ పిల్ల ఆనందమంతా తనదే అన్నట్టు నవ్వేవారు.

తర్వాత ఎడారి తోట. ఇసక, రకరకాల బ్రహ్మజెముళ్లు. అక్కడ ఆవిడ నా చెయ్యి నొక్కి, "మలుపు తిరిగితే ఒంటె ఉంటుంది, లిల్లీని ఎక్కించు" అన్నారు. మలుపు తిరిగాం. నిజంగానే సిమెంటు ఒంటె. ముందు వెళ్లిన పిల్లలెవరో అరిస్తే విని ఉంటారనుకున్నాను. ఇప్పటికీ అదే అనుకుంటున్నాను.

అన్నిటికంటే చివర పద్మవ్యూహం. మనిషెత్తుకి మించి పెరిగిన మొక్కలు గోడల్లా, మధ్య సన్నటి దారులు. "లోపలికెళ్లడం తేలిక, బయటికి రావడమే కష్టం" అని బోర్డు మీద రాశారు. మా వారూ లిల్లీ పందెం వేసుకుని లోపలికి పరిగెత్తారు. నేనూ అత్తయ్యగారూ బయట పందిరి కింద కూర్చున్నాం. లోపల్నుంచి కేకలు, నవ్వులు. మాకూ నవ్వొచ్చింది.

కాసేపటికి మా వారు ఒక్కరే బయటికొచ్చారు. చొక్కా మొత్తం తడిసిపోయింది. "లిల్లీ వచ్చేసిందా?" అన్నారు.

రాలేదు.

ఆయన మళ్లీ లోపలికి పరిగెత్తారు. నేను పేరు పెట్టి పిలుస్తూనే ఉన్నాను. జవాబు లేదు. అక్కడ పనిచేసే తోటమాలి, ఏభై ఏళ్లుంటాయి, పక్కనున్న ఎత్తు బల్ల ఎక్కి దారులన్నీ చూశాడు. "దారిలో పాప లేదండీ. బయటికి వచ్చేసిందేమోనండీ" అన్నాడు. బయటికి వస్తే నా ముందు నుంచే రావాలి. ఎండ నడినెత్తికి వచ్చింది.

అప్పుడు అత్తయ్యగారు లేచారు. "తలుపు దగ్గరుంది" అన్నారు.

"ఏ తలుపండీ అత్తయ్యగారూ?"

చెయ్యి ఊతం లేకుండా ఇంట్లో గడప కూడా దాటని మనిషి, నేరుగా వెళ్లి పద్మవ్యూహంలోకి నడిచారు. పడిపోతారని నేను ఆవిడ కొంగు పట్టుకుని వెనకాలే పరిగెత్తాను. తోటమాలి నా వెనక. ఎడమకి, మళ్లీ ఎడమకి, కొంత దూరం తిన్నగా, కుడికి. ఎక్కడా తడుముకోలేదు. ఒక్క కొమ్మ కూడా ఆవిడ భుజానికి రాసుకోలేదు. నా చేతులు మాత్రం గీరుకుపోయాయి.

దారి ముగిసిపోయినచోట ఆగారు. ఎదురుగా దట్టంగా మొక్కలు. "ఇదే. తలుపు తియ్యి బాబూ" అన్నారు తోటమాలితో.

అతను రెండు చేతులతో కొమ్మలు విడదీశాడు. మొక్కల వెనక ప్రహరీగోడ. మొక్కలకీ గోడకీ మధ్య మూరెడు సందు. ఆ సందులో, గౌను ముళ్లతీగకి చిక్కుకుని, సొమ్మసిల్లి మెడ వాల్చేసి మా లిల్లీ. పెదాలు ఎండిపోయాయి. ఉడత వెంటపడి కొమ్మల కింద నుంచి దూరిందట.

కొబ్బరినీళ్లు పట్టాం, మొహం తడిపాం. పావుగంటకి "ఇంకో ఒంటె ఉందా?" అని అడిగింది. మా వారు దాన్ని ఎత్తుకుని, ఆనందం పట్టలేక ఆ ఎండలోనే గిరగిరా తిప్పేశారు. నేను ఏడుస్తూ నవ్వాను.

తోటమాలి నన్ను పక్కకి పిలిచాడు. "ఆ పెద్దమ్మగారు ఇదివరకు ఇక్కడికొచ్చేరాండీ?"

లేదన్నాను.

"మరి తలుపున్న సంగతి ఎవరు చెప్పేరండీ? మొక్కలు పెట్టకముందు ఆ గోడకి తలుపుండేదండి. నేనూ ఒక మేస్త్రీ కలిసి ఇటుకలతో మూసేసేం. ఆయ్, మీరే చూడండి."

వెళ్లి చూశాను. పాత గోడ మధ్యలో కొత్త ఇటుకలు, సరిగ్గా తలుపంత మేర.

అత్తయ్యగారిది రాజోలు దగ్గర పుట్టిల్లు. కడియం వైపుకి ఎప్పుడూ వెళ్లలేదని మా వారూ అన్నారు, ఆవిడా అన్నారు. తలుపు సంగతి అడిగితే తెల్లబోయారు. "నేనేం తలుపన్నానే? పిల్ల ఏడుపు వినపడితే అటు వెళ్లేను." చూపు లేనివాళ్లకి వినికిడి ఎక్కువంటారు. అంతేనేమో. కానీ లిల్లీ తాను ఏడవలేదనే అంటుంది. ఆవిడ పక్కనే ఉన్న నేనూ వినలేదు, తోటమాలీ వినలేదు.

ఆ వారమే ఆవిడ ఆపరేషన్‌కి ఒప్పుకున్నారు. "పిల్ల చేతికొచ్చింది గాని, దాని మొహం ఎలా ఉందో చూడలేకపోయేనే ఆవేళ" అన్నారు.

రెండు కళ్లకీ చూపు బాగా వచ్చింది. చలికాలంలో, ఆ తోటలు చూస్తానని ఆవిడే అడిగితే మళ్లీ వెళ్లాం. కళ్లజోడు పెట్టుకుని ప్రతి బోర్డూ పైకి చదివారు. తెల్లపూలు చూసి చప్పట్లు కొట్టారు. పద్మవ్యూహంలోకి లిల్లీకంటే ముందు దూరారు.

మూడు మలుపులు తిరిగేసరికి తప్పిపోయారు. "అమ్మాయ్, ఎటు రావాలే?" అని కేక.

నేను వెళ్లి చెయ్యి పట్టుకున్నాను. బయటికి తెచ్చేముందు, దారి ముగిసే ఆ చోటికి తీసుకెళ్లి నిలబెట్టాను. ఆవిడ ఆకుల్ని పైనుంచి కిందకి చూసి, నా మొహంలోకి చూసి, "ఇక్కడేముందే చూడ్డానికి?" అన్నారు.