రెక్కల గాలి

మాదాపూర్ గుట్టల్లో అద్దాల మేడలు లేస్తున్న రోజుల్లో, వాటికి గోడలు కట్టే మేస్త్రి అయిన మా నాయినకు ఎడమ చెయ్యీ కాలూ పడిపోయాయి. అప్పటికే షుగరు. కొత్తగూడలో ఒకే గది కిరాయి ఇల్లు. అమ్మ లేదు. ఆయనకు నేను, నాకు ఆయన.

"పావురాల రెక్కల గాలి తగిలితే పడిపోయిన చెయ్యి లేస్తది బిడ్డా," అంది పక్కింటి అవ్వ. నాకు తొందరెక్కువ. మర్నాడే పాతబస్తీకి పోయి ఒక జంటను తెచ్చాను. ఆయన తల దగ్గరే పంజరం వేలాడదీసి, పొద్దున తలుపు తీసి గదిలోకి వదిలేదాన్ని. ఏడాది తిరిగేసరికి అవి ఎనిమిదయ్యాయి. ఊడిస్తే చేటెడు ఎండు రెట్ట, గదినిండా దుమ్ము. "ఏందే ఈ లొల్లి," అని నాయిన విసుక్కునేవాడు. కానీ మూడో నెలలోనే ఆయన వేళ్లు కదిలాయి. ఇక నన్ను ఆపేదెవరు?

తర్వాత నాయినకు దగ్గు పట్టుకుంది, జ్వరం వచ్చింది. టీబీ అని నెలల తరబడి మందులు మింగించారు. మనిషి పుల్లలా అయ్యాడు. పెద్ద దవాఖానలో డాక్టరు ఎక్స్‌రేని వెలుతురుకు పట్టి, ఊపిరితిత్తిలో తెల్లటి ముద్ద చూపించాడు.

"టీబీ అయితే ఈపాటికి తగ్గాలండి. క్యాన్సర్ గడ్డేమో. ఛాతీ కోసి ముక్క తీసి చూడాలి. ఈయన ఒంటికి మత్తు తట్టుకోవడం కష్టమే." తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు అడిగాడు: "ఇంట్లో కోళ్లు, పావురాలు గానీ ఉన్నాయా అండి?"

"లేవు సార్," అన్నాను.

ఉన్నాయంటే వదిలెయ్యమంటాడు. వదిలేస్తే ఆ వేళ్లు మళ్లీ పడిపోతాయి. నా బుర్రలో ఉన్నది అంతే. నాయిన నావైపు చూశాడు.

సోమవారం ఆపరేషన్. పొద్దున్నే నర్సు కాగితం తెచ్చి, ప్రాణానికి ఏమైనా అయితే దవాఖానకు సంబంధం లేదని చదివి సంతకం పెట్టమంది. కాగితం అందుకున్నాను. నిజం చెప్పేద్దామనుకున్నాను, చెప్పలేకపోయాను. డాక్టరు అక్కడే ఉన్నాడు.

"సార్," అన్నాడు నాయిన. "పావురాలున్నయి. ఎనిమిది. నేనే పెంచుతున్న. చెప్పొద్దని బిడ్డను నేనే బెదిరించిన."

డాక్టరు కాగితం లాక్కుని ఆయన మీద విరుచుకుపడ్డాడు. ఇంత వయసొచ్చి పిల్లల చేత అబద్ధం ఆడిస్తారా అని వార్డంతా వినేలా తిట్టాడు. నాయిన తల దించుకుని ఆ తిట్లన్నీ పడ్డాడు. నేను పక్కనే నిలబడి విన్నాను. నా మీద నాకు అసహ్యం వేసింది, అయినా వాటిని తెచ్చింది నేనేనని ఒప్పుకోలేదు.

ఆపరేషన్ ఆపి, కళ్లె మళ్లీ పరీక్షకు పంపారు. అది పావురాల రెట్టలో పెరిగే బూజు, దుమ్ముతో ఊపిరితిత్తుల్లోకి పోయిందని తేలింది. సెలైన్‌లో మందు ఎక్కిస్తుంటే మంచం ఊగేలా వణికేవాడు. వారాలు పట్టింది. పావురాలను అమ్మినవాడికే తిరిగిచ్చేశాను. ముద్ద కరిగింది. నాయిన బతికాడు, కదిలిన వేళ్లు కదులుతూనే ఉన్నాయి.

ఇంటికి పంపే రోజు డాక్టరు నన్ను పిలిచాడు. "మీ నాన్నగారిని ఓ కంట కనిపెట్టండి. మళ్లీ పావురాలు తెమ్మంటే మీరు లొంగకండి."

"అట్లనే సార్," అన్నాను.

నా భుజం పట్టుకుని నిలబడ్డ నాయిన, ఇంకెప్పుడూ అడగనన్నట్టు డాక్టరుకు దండం పెట్టాడు.