హెల్త్ కార్డులో ఇరవై నాలుగు కిలోలు

నా కూతురు పుట్టినప్పటి నుంచీ పుల్లే. ఎవరింటికి పోయినా "బిడ్డకు తిండి పెడ్తలేవా ఏంది?" అనే మాటే. నాకు ఒళ్లు మండిపోయేది. వండిపెట్టేది నేను, తినకుండా సతాయించేది అది, మాటలు మాత్రం నాకు!

అందుకే ఎనిమిదో ఏట దాని బుగ్గలు నిండితే మా ఇంట్లో పండగైంది. దిల్‌సుఖ్‌నగర్‌లోని మా కిరాయి ఇంటికి వచ్చిన అత్తమ్మ "ఇప్పుడు జర ఒళ్లు పట్టింది" అని మురిసిపోయి ఉప్పు, మిరపకాయలతో దిష్టి తీసింది. గౌను బిగుతైతే నేను కుట్లు విప్పి వదులు చేశాను. నవ్వుకుంటూ చేశాను, అదీ నా తెలివి.

వారం తిరిగేసరికి పిల్ల కళ్లు తెరవలేనంత వాపు. ఎల్బీనగర్‌లో పిల్లల డాక్టరమ్మ దాని కాలి మీద వేలితో నొక్కింది. గుంట పడి అలాగే ఉండిపోయింది. అది ఒళ్లు కాదు, నీరు. కిడ్నీల జబ్బు అంది.

ఎత్తు కొలిచి బరువు తూచారు. ఒంటి సైజును లెక్కగట్టి దాన్నిబట్టి మందు ఇస్తారట.

"ఇప్పటి బరువుల నీళ్లు కలిసినయమ్మా. వాపు రాకముందు ఎంతుండె?" అని అడిగింది.

నాకేం తెలుసు! పిల్లల్ని తూస్తే దిష్టి తగులుతుందని మా ఇంట్లో ఎప్పుడూ తూచలేదు. మా ఆయన మాత్రం గబగబా ఫోన్ తీసి స్కూల్ హెల్త్ కార్డు ఫోటో చూపించాడు. ఇరవై నాలుగు కిలోలు. ఆ లెక్కన మందు రాయడానికి డాక్టరమ్మ పెన్ను ఎత్తింది.

ఆ అంకె వేసింది నేనే. స్కూలువాళ్లు కార్డు ఇంటికి పంపి నింపమన్నారు. తక్కువ రాస్తే టీచర్ కూడా తిండి పెట్టట్లేదా అంటుందని భయపడి, తోచినంత పెంచి రాశాను.

"అది అబద్ధం మేడం" అన్నాను. మా ఆయన చూసిన చూపుకు అక్కడే భూమిలోకి కూరుకుపోతే బాగుండనిపించింది. డాక్టరమ్మ తిట్టలేదు. ఎత్తును బట్టి బరువు అంచనా వేసి మందు రాసింది. "రోజు పొద్దుగాల తూచి రాయండి. బరువు తగ్గాలె" అంది.

ఇప్పుడు రోజూ తూస్తున్నాను. నిజమే రాస్తున్నాను. అంకె తగ్గాలని కనపడ్డ దేవుడికల్లా మొక్కుతున్నాను, తగ్గడం లేదు. అంతకు మించి నా చేతిలో ఏమీ లేదు.

నిన్న బరువు తూచే మిషన్ మీద నిలబడి పిల్ల నన్ను అడిగింది. "అమ్మా, నేను మల్ల సన్నగైతే అందరు నిన్ను అంటరు గదా?"