ప్లాస్టిక్ చేత్తో ఒక ముద్ద

బరంపురంలో మా కొట్టు వెనక గదిలో, త్రీడీ ప్రింటర్ మీద నేను ప్లాస్టిక్ చేతులు తయారుచేస్తాను. గిరిసోల అనే ఊళ్లో ఉండే, వేళ్లు పోగొట్టుకున్న ఒకావిడ, నేను చేసిన చేతిని మూడోసారి తిప్పి ఇచ్చేసింది. ఎందుకో చెప్పలేదు. ఇక నావల్ల కాదు, మానేద్దామనుకుంటూ, ఆ చేతిని ఒళ్లో పెట్టుకుని ఆ మధ్యాహ్నం స్టేషన్లో కూలబడ్డాను. ఇంటికెళ్లే రైలు ఆలస్యం.

పక్కన ఖాళీ చేపల గంపతో ఒక పెద్దామె కూర్చుంది.

"ఏటి బాబూ అది? బొమ్మా?"

"కాదమ్మా, ఏళ్లు లేనోళ్లు తొడుక్కునే సెయ్యి. బాగానే ముడుసుకుంటాది. అయినా ఒకామె మూడుసార్లు తిరిగిచ్చేసింది."

"నువ్వు దీంతో అన్నం తిన్నావా?"

తినలేదన్నాను. ఆమె తన గిన్నె మూత తీసింది. చద్దన్నం, ఓ ఎండుచేప ముక్క.

"తిను, సూద్దాం."

పిడికిలి బిగించి ఆ ప్లాస్టిక్ చేతిలో దూర్చి, ముద్ద తియ్యబోయాను. నున్నటి వేళ్లలోంచి జారి మెతుకులు ఒళ్లో పడ్డాయి. మళ్లీ ప్రయత్నించాను. మళ్లీ పడ్డాయి. ప్లాట్‌ఫారం మీద జనం చూస్తున్నారు. సిగ్గేసి ఆపేశాను.

ఆమె నవ్వలేదు. నా ఒళ్లోని మెతుకులు ఏరుతూ, "ఆయమ్మకీ ఇలాగే పడుంటాయి బాబూ, నలుగురి ముందూ. ఆ మాట నీతో ఎలా సెప్తాది?" అంది.

రైలొచ్చింది. ఆమె వేరే పెట్టె ఎక్కేసింది. పేరైనా అడగలేదు.

ఇంటికెళ్లి, పాత సైకిలు ట్యూబు కత్తిరించి ఆ వేళ్ల కొసలకు అతికించాను. వారం రోజులు ఇంట్లో అందరి ముందూ దాంతోనే తిన్నాను. మొదటి రెండు రోజులూ అర్ధాకలే.

నాలుగోసారి ఇచ్చిన చెయ్యి గిరిసోల నుంచి తిరిగి రాలేదు.