గవ్వలు చుట్టిన శనివారం

మా అన్న బిడ్డ మేఘన స్కూల్ మారి ఆర్నెల్లయింది. క్లాసుల ఒక్క దోస్తు సుత లేదు. యూరప్ మిఠాయిల వేట అని, మూడు దేశాల మిఠాయిలు వెతికి ముందుగాల తెచ్చినోళ్లకు బహుమతి అని స్కూల్‌ల ఆట పెడితే అందరూ టీములు కట్టుకున్నరు, దీన్ని ఎవ్వరూ పిలువలే. "నువ్వే నా టీమ్ అత్తా. గెలిస్తే నన్ను సుత కలుపుకుంటరు" అన్నది. ఇగ నేను ఆగుతనా? శనివారం ఎనిమిదింటికి మల్కాజ్‌గిరిల లోకల్ రైలు ఎక్కినం. టికెట్టు చాయ్ కన్నా చవక.

డిసెంబర్ మంచుల ఇండ్లన్నీ పాలల్ల ముంచినట్టున్నయి. రైలు పోతున్నదో, ఊరే జరుగుతున్నదో తెలుస్తలేదు. పక్కన కూసున్న పెద్దాయన "మిఠాయి కోసం గింత పొద్దుగాలనా బిడ్డా?" అని నవ్విండు.

సికింద్రాబాద్‌ల దిగి, ఉస్మానియా బిస్కెట్లు చాయ్‌ల ముంచుకుని తిని, రెజిమెంటల్ బజార్ దిక్కు నడిసినం. ఒక పాత బేకరీల ఇంగ్లండోళ్ల ప్లమ్ కేకు, ఫ్రాన్సోళ్ల మాకరూన్లు దొరికినయి. మిగిలింది పోర్చుగీసోళ్లు గోవాకు తెచ్చిన కుల్‌కుల్. "అది ఇండ్లల్లనే చేస్తరమ్మా" అని బేకరీ ఆయన వెనక గల్లీల గోవా ఆంటీ ఇల్లు చూపిచ్చిండు. పన్నెండింటికల్లా అన్నీ స్కూల్‌కు చేర్చాలె.

తలుపు తీయంగనే కొబ్బరిపాల వాసన. అబ్బ, పానం లేసొచ్చింది!

"అమ్మేది కాదు బేటీ" అన్నది ఆంటీ. "క్రిస్మస్ పిండి కలిపినంక వచ్చినోళ్లు కూసొని చుట్టాలె. ఎవరు చుట్టినయి వాళ్లకే."

ఆమె ఫోర్కు మీద పిండి ఒత్తి చుడుతుంటే, "అయ్యో, ఇవి మన గవ్వలే!" అన్న నేను. మా ఇంట్ల కొత్త దువ్వెన మీద చుడుతం, గంతే ఫరక్. మేఘన చకచకా చుట్టింది, ఆంటీ నూనెల ఏయించి పొట్లం కట్టింది. పదకొండున్నరయింది. ఆటో ఎక్కితే గెలుపు మాదే.

గప్పుడే దాని క్లాసు పిల్ల సంజన వచ్చింది. వాళ్ల టీమోళ్లు ఒక్కదాన్నే ఇక్కడికి తోలిన్రట. పిండి చేతులకు అంటుకుని, ఒక్కటి సుత రాక, కండ్లల్ల నీళ్లు పెట్టుకున్నది.

"లే, పోదాం!" అని మేఘన రెక్క గుంజిన.

"జెర ఆగు అత్తా. ఆమెకు వస్తలేదు." పొట్లం పక్కన పెట్టి మళ్ల కూసున్నది. సంజన బొటనవేలు పట్టుకుని, మెల్లగ, ఒక్కొక్కటి చుట్టించింది. నాకైతే మస్తు కోపమొచ్చింది. కిటికీల కెల్లి ఎండ పిండి మీద పడుతున్నది, వాళ్లిద్దరికీ గడియారం సోయే లేదు.

మేము స్కూల్‌కు పోయేసరికి బహుమతి ఇంకెవరికో ఇచ్చేసిన్రు. ఏడుపొచ్చినంత పనైంది నాకు.

తిరుగు రైలు నాలుగింటికి. సంజనది సుత మల్కాజ్‌గిరేనట, మాతోనే ఎక్కింది. ఈ దారిన పోయేటోళ్లకు నేను చెప్పేదొక్కటే: తీరిక ఉంటెనే పోండ్రి. ఆ ఆంటీ ఇంట్ల తొందర నడువది.

"సోమవారం నా బెంచీకి వస్తవా?" అన్నది సంజన. మేఘన తలూపింది. ఇగ షురూ అయినయి ముచ్చట్లు, ఒకటే నవ్వులు. ఆర్నెల్లల్ల దాని నోట ఇన్ని మాటలు నేను వినలే. మల్కాజ్‌గిరి వచ్చింది. వాళ్లు చూడలే. నేను చూసిన గని దిగుదామని లేపలే. రైలు కదిలింది.