వెంట్రుకవాసి కదలని వెలుగు

తలతోటి ఆదాం మాస్టారంటే పర్చూరు చుట్టుపక్కల తెలియనివాళ్లు లేరు. వాళ్ల పల్లెలో మొదటి ఎమ్మెస్సీ ఆయనే. జూనియర్ కాలేజీలో ఫిజిక్సులో నూటికి తొంభై మందిని గట్టెక్కించాడు. కలెక్టరు చేత శాలువా కప్పించుకున్నాడు. అయితే పదకొండేళ్లుగా ఆయన దేనితో కుస్తీ పడుతున్నాడో మాత్రం ఊళ్లో ఒక్కరికీ తెలియదు.

వెంట్రుకంత సన్నని గాజుతీగలో వెలుగు తునకను పంపితే, తిరనాళ్లకు నడిచిపోయే జట్టులాగా కొంత ముందుకు, కొంత వెనక్కు పడి చెదిరిపోతుంది. వెలుగు దండిగా ఉంటే గాజు గుణమే కాస్త మారి, చెదిరే జట్టును దగ్గరకు లాగుతుంది. రెండూ సరితూగితే తునక ఆకారం చెడకుండా సాగిపోతుంది. మరి దాన్ని కొంచెం కుదిపితే? తట్టుకుంటుందని మాస్టారు కాగితం మీద తేల్చి, వ్యాసంగా రాసి ఒక సైన్సు పత్రికకు పంపాడు. "వెయ్యి కిలోమీటర్ల దాకా కంప్యూటరులో నడిపి చూపండి. జూలై ఏడు గడువు" అని పత్రికవాళ్లు జవాబు రాశారు.

అది 2001. అంత లెక్క నడవాలంటే ఏడు గంటలు పడుతుంది. అంతసేపు తెగని కరెంటు పర్చూరులో ఎక్కడిది? చిలకలూరిపేటలో మిర్చి టిక్కీల బస్తాలు దాచే కోల్డ్ స్టోరేజీలో జనరేటరుంది, ఆఫీసులో కంప్యూటరుంది. ఆదివారాలు వాడుకోమన్నారు. నాలుగు వారాలు గుడి మానేసి ప్రోగ్రాములో తప్పులు దిద్దుకున్నాడు. గడువులోగా మిగిలింది ఒక్క ఆదివారం.

"ఏం మాస్టారూ, ఆదివారమైతే కరెంటున్న చోటికి పరుగంట, దేవుడిచ్చిన వెలుగు చాల్లేదా? మొదటాదివారం ప్రభు సంస్కారానికైనా రావయ్యా!" అని చర్చి సంఘపెద్ద మార్క్ నలుగురిలో దెప్పాడు.

మాస్టారు పొద్దున ఎనిమిదింటికి లెక్క మొదలుపెట్టి, పర్చూరు బస్సెక్కాడు. రొట్టె, ద్రాక్షారసం తీసుకుని, తిరుగుబస్సు పట్టుకున్నాడు. ఒంటిగంటన్నరకు వచ్చి చూస్తే తెర నల్లగా ఉంది.

"హ్యాంగయిపోయిందండి మాస్టారూ," అంది గుమాస్తా షాజాదీ. "తొమ్మిదింటికి చూశా, పన్నెండింటికి చూశా. ఆ గుట్టలాంటి గీత వెంట్రుకవాసి కదిలితే ఒట్టు! మిషను కాలిపోద్దేమోనని నేనే ఆపేశా."

అది హ్యాంగు కాదని మాస్టారికి తెలుసు. తునకతోపాటే మన చూపూ సాగేట్టు బొమ్మ గీయించాడు. చెదరనిది కదలనట్టే కనబడుతుంది. తను పక్కనే ఉంటాడు గదా, గడియారం చూస్తే తెలిసిపోతుందని దూరం అంకె తెరమీద వేయించలేదు. లెక్క ఎక్కడా దాచుకోనూ లేదు.

"అంచుల్లో వణుకైనా లేదా అమ్మా?"

"గోడకు కొట్టిన ఫొటోలా ఉందండి. తప్పు చేశానా?"

"లేదులే. మళ్లీ చెప్పు."

మూడుసార్లు చెప్పించుకున్నాడు. నాలుగు గంటలంటే అయిదు వందల డెబ్భై కిలోమీటర్లు. పదకొండేళ్ల పంతం నిలబడటం కళ్లారా చూసింది ఆ పిల్ల ఒక్కతే. చూసినట్టు ఆమెకూ తెలియదు.

మూడింటికి ఆఫీసుకు తాళం పడుతుంది, మళ్లీ మొదలుపెట్టే వేళ లేదు. కళ్లతో చూడనిది రాయడం మాస్టారికి చేతకాదు. అంతకుముందు ఆదివారం తన ఎదుట నడిచిన నూట ఎనభై కిలోమీటర్ల వరకే రాసి, సోమవారం పోస్టు చేశాడు. నెల తిరక్కుండా వ్యాసం వెనక్కి వచ్చింది. ఏమైందని అడిగినవాళ్లు లేరు. అడగాలంటే ముందు అది వెళ్లిందని తెలియాలి గదా.