మెట్టు మీద కంచం

రెండేళ్ళ పాటు నేను నా భార్యతో కలిసి భోంచెయ్యలేదు. మా ఊళ్ళు వేరు కాదు, ఇళ్ళు వేరు కాదు, మధ్యలో తగువు కూడా లేదు. ఒకే ఇంట్లో తను కింద, నేను మేడ మీద. మధ్యలో పదమూడు మెట్లు. ఎవరికైనా చెబితే నవ్వుతారు. నవ్వుకోండి, నాకేం. ఆ పదమూడు మెట్లు దిగడానికి నాకు పట్టిన కాలంలో ఇంకొకడు ఇంటర్ పూర్తి చేసేస్తాడు.

నాది పోర్టు రోడ్డు పక్కన ఒక ప్రైవేటు కాటాలో ఉద్యోగం. లారీ ఖాళీగా వచ్చినప్పుడు ఒకసారి, బొగ్గో ఖనిజమో నింపుకుని వచ్చినప్పుడు ఇంకోసారి తూచి, చీటీ కొట్టి ఇవ్వడం నా పని. పొద్దున్నే మొదటి లారీ ఎక్కకముందు ప్లాట్‌ఫారం మీద పడిన మట్టీ బొగ్గుపొడీ శుభ్రంగా ఊడ్చి, మిషన్‌లో సున్నా వచ్చిందో లేదో చూసుకోవాలి. అది చూసుకోకపోతే ఆ రోజు తూచినవన్నీ తప్పే. ఇరవై ఏళ్ళుగా ఇదే చేస్తున్నాను. కరోనా వచ్చి ఊరంతా తలుపులు వేసుకున్న రోజుల్లో కూడా లారీలు ఆగలేదు, నేనూ ఆగలేదు.

గాజువాకలో మా ఇంట్లో నేను, నా భార్య, మా అత్తగారు. అత్తగారు భీమిలి ఒడ్డున నలభై ఏళ్ళు చేపల గంప మోసిన మనిషి. ఊపిరి సరిగ్గా ఆడక మందులు వాడుతూ మా దగ్గరే ఉంటోంది. ఎక్కడెక్కడి డ్రైవర్లో చీటీ కోసం నా కిటికీలో తల పెట్టి దగ్గుతుంటే నాకు ఆవిడే గుర్తొచ్చేది. ఆవిడకి ఏమైనా అయితే నా చేతులతో నేనే చంపినట్టు అవుతుందని నిజంగా భయపడ్డాను. అందుకే నా చాపా దిండూ తీసుకుని మేడ మీద రేకుల గదిలోకి మారిపోయాను.

నా భార్య పొద్దున టిఫినూ, నేను ఇంట్లో ఉన్న పూటల్లా అన్నమూ కంచంలో పెట్టి, పైనుంచి రెండో మెట్టు మీద ఉంచి, గరిటెతో కంచం అంచు మీద రెండుసార్లు తట్టి దిగిపోయేది. తను పూర్తిగా దిగిన చప్పుడు విన్నాక నేను తలుపు తీసేవాడిని.

మొదటి వారం ముద్ద దిగలేదు. ఎదురుగా మనిషి లేకుండా తినడం నాకు అలవాటు లేదు. అందుకని ఫోను నీళ్ళ చెంబుకి ఆనించి పెట్టుకున్నాను. అందులో ఒక వీడియోలో ఎవరో ఒకాయన ఒంటరిగా కూర్చుని తాంబాళమంత పళ్ళెంలో బిర్యానీ తింటున్నాడు. మాటా లేదు పలుకూ లేదు, ఒకటే తినడం. నాకు తోడు దొరికింది. ఆయన తింటుంటే నేనూ తిన్నాను. నా కంచం ఖాళీ అయ్యేసరికి ఆయన ఇంకా సగంలో ఉన్నాడు. భోజనం మధ్యలో మనిషిని వదిలేసి లేవడం మర్యాద కాదన్నట్టు నేను చిప్స్ ప్యాకెట్టు విప్పాను.

అలా మొదలైంది. ఆ తర్వాత ఆయన అయిపోతే ఇంకొకరు, ఇంకొకరు అయిపోతే మరొకరు. ఫోను తనంతట తనే పిలుచుకొచ్చి కూర్చోబెట్టేది. నా పక్కన కారప్పూస, క్రీము బన్నులు, మైసూరుపాక్. కాటా గదిలో కూడా చీటీల కట్టల వెనక ఒక సొరుగు నిండా దాచుకున్నాను. ఆకలేసి తినేవాడిని కాదు, ఆపడం చేతకాక తినేవాడిని. పొట్ట నొప్పి పుట్టేదాకా తిని, నా మీద నాకే అసహ్యం వేసి, మర్నాడు పొద్దున టిఫిన్ కాకులకి పెట్టేసేవాడిని. మధ్యాహ్నం అయ్యేసరికి మళ్ళీ సొరుగు తెరిచేవాడిని.

జనం టీకాలు వేయించుకున్నారు, మాస్కులు గడ్డం కిందికి జారాయి, అత్తగారు వీధి అరుగు మీద కూర్చుని వచ్చేపోయే వాళ్ళని పలకరించడం మొదలుపెట్టింది. నేను మాత్రం దిగలేదు. ఒకరోజు గొంతు గరగరగా ఉందన్నాను, ఒకరోజు ఒడిశా లారీలు వస్తున్నాయన్నాను. అసలు సంగతి అది కాదు. కిందికి దిగితే ఫోను లేకుండా, ఇంట్లో వాళ్ళ ముందు, మామూలు మనిషిలా తిని లేవాలి. అది ఇక నా వల్ల కాదని నాకు తెలిసిపోయింది. ఆ సిగ్గుతోనే మేడ మీద ఉండిపోయాను.

ఇక్కడ నా తెలివితేటల గురించి ఒక మాట చెప్పాలి. మాది వంద టన్నుల కాటా. అది ఇరవై కేజీల లెక్కన తప్ప చూపించదు. ఎనభై తర్వాత వందే. వారానికోసారి లారీలు లేని వేళ చూసుకుని ప్లాట్‌ఫారం మధ్యలో నిలబడి, బయటి బోర్డు మీద ఎర్ర అంకెలు చూసుకునేవాడిని. ఎనభై. హమ్మయ్య అనుకుని వెళ్ళి సొరుగు తెరిచేవాడిని. డెబ్బై నుంచి తొంభై దాకా ఏ బరువైనా అది ఎనభై అనే చెబుతుందని నాకు తెలియదా? ఆ మిషన్ గురించి నాకంటే తెలిసినవాడు ఆ రోడ్డు మొత్తం మీద లేడు. తెలిసే నమ్మాను. నా బుర్రకి దండం పెట్టాలి.

ఒకరోజు మధ్యాహ్నం బోర్డు మీద వంద పడింది. దిగి మళ్ళీ ఎక్కాను. వందే. ఆ టైముకి చీటీ కోసం వచ్చిన భీమిలి డ్రైవరు ఒకతను నా గది గుమ్మంలో నిలబడి ఇదంతా చూస్తున్నాడు. పదిహేనేళ్ళ స్నేహం మాది.

"బావా, ఖాళీ బండా, లోడు బండా? చీటీ కొట్టీమంటావేటి?" అంటూ నవ్వి, లోపలికి చెయ్యి పెట్టి బటన్ నొక్కేశాడు.

చీటీ బయటికొచ్చింది. బండి నంబరు దగ్గర ఖాళీ, బరువు వంద కేజీలు. ఇంకెవరి కంటా పడకుండా లాక్కుని చొక్కా జేబులో కుక్కుకున్నాను. కుక్కుకుని మర్చిపోయాను.

మర్నాడు సాయంత్రం చొక్కా ఉతుకుతూ నా భార్య మెట్ల కింద నుంచి పిలిచింది.

"మావా, ఈ కాటా సీటీ ఏటి? వంద కేజీల లారీ ఎక్కడుంటాది?"

అరుగు మీద నుంచి అత్తగారు అందుకుంది. "లారీ ఏటే, మన మేడ మీదున్నదే."

ఆవిడ నవ్వింది. నా భార్య నవ్వలేదు. నాకు తల కొట్టేసినట్టయింది, ఒళ్ళు మండింది, నోరు జారింది. "నువ్వు పెట్టిందే కదా తింతన్నాను. అంత కట్టంగా ఉంటే రేపట్నుంచి పెట్టకు" అన్నాను. కింద తను తడి చొక్కా గట్టిగా దులిపిన చప్పుడు వినపడింది.

మర్నాడు నాకు సెలవు. మధ్యాహ్నం ఒంటిగంట అయింది, కంచం చప్పుడు లేదు. ఒంటిగంటన్నర అయింది, లేదు. గదిలో దాచినవేవీ మిగల్లేదు. పెట్టకు అన్నవాణ్ణి నేనే అయినా, పెట్టలేదని కోపం ముంచుకొచ్చింది. ఏదో ఒకటి తేల్చేద్దామని విసవిసా పదమూడు మెట్లూ దిగాను.

వంటగది గుమ్మం దగ్గరికి వెళ్ళి ఆగిపోయాను. నా భార్య పొయ్యి దగ్గర నిలబడి, గిన్నెలో అడుగున ఉన్న అన్నం గిన్నెలోనే కలుపుకుని తింటోంది. ఉప్పు డబ్బాకి ఆనించి ఫోను ఉంది. అందులో ఎవరో ఏ దేశం వాళ్ళో, తల్లీ తండ్రీ పిల్లలూ ముసలమ్మా నేల మీద గుండ్రంగా కూర్చుని అన్నం తింటున్నారు. తల్లి వడ్డిస్తోంది. నా భార్య వాళ్ళని చూస్తూ రెండు ముద్దలు తిని, మూడోది సింకులో పారేసింది. చెయ్యి కడగడానికి ఎత్తితే గాజులు మోచేతి దాకా జారిపోయాయి. ఆ గాజులు ఒకప్పుడు సబ్బు రాస్తే గాని వచ్చేవి కావు.

"ఎప్పట్నుంచి ఇలగ తింతన్నావు?" అన్నాను.

తను ఉలిక్కిపడి తిరిగింది. "నువ్వు మేడెక్కినకాడ్నుంచి."

"కూకుని తినలేకపోనావా?"

"ఎవులితో కూకోను? అమ్మ పన్నెండింటికే తినీసి తొంగుంటాది. ఒక్కదాన్నీ కంచమెట్టుకుంటే ముద్ద దిగట్లేదు. నిలబడీసి రెండు ముద్దలేసుకుంటే పనైపోద్ది."

"మరి ఆళ్ళెవులు?" అని ఫోను చూపించాను.

"నాకేటి తెల్సు. అందరూ ఒకపాలే కూకుంటారు. బాగుంటాది."

నేను వేరే వాళ్ళ తిండికి కాపలా కాస్తూ మేడ మీద పొట్ట పగిలేలా తింటున్న రెండేళ్ళూ, తను కింద వేరే వాళ్ళ సంసారం చూసుకుంటూ ఎండిపోయింది. తిన్నావా అని నేను ఒక్కసారి కూడా అడగలేదు. నాకు ఏడుపొచ్చింది. గుమ్మంలో కూలబడి ఏడ్చాను. ఏడుస్తూనే, ఎవరికీ చెప్పని మాట చెప్పేశాను. "నాను ఆకలేసి తినట్లేదు. ఆపలేకపోతన్నాను."

"తెల్సు" అంది. "మేడ ఊడిసేది నానే కదా. ఆ కవర్లన్నీ ఎవులు పారేసేరనుకున్నావు?"

"మరి అడగలేదేటి?"

"అడిగితే ఇంక ఎప్పటికీ దిగవేమోనని బయమేసింది."

ఆ పూట ఇంట్లో అన్నం లేదు. ఉన్న ఆఖరి ముద్ద కూడా సింకులో ఉంది. తను అప్పటికప్పుడు బియ్యం కడిగి పెట్టింది, నేను ఉల్లిపాయలు తరిగాను. రెండున్నరకి పప్పుచారుతో కింద కూర్చుని తిన్నాం. నాలుగు ముద్దలకి తన కడుపు నిండిపోయింది. నాకు రెండు కంచాలకి కూడా నిండలేదు. అయినా ఇద్దరం ఒకేసారి లేచాం.

పెద్దాసుపత్రికి వెళ్దామన్నది అత్తగారు. అక్కడ డాక్టరమ్మ నన్ను తిడుతుందనుకున్నాను, తిట్టలేదు. "ఇది సోమరితనం కాదు, జబ్బు. ఆ కరోనా రోజుల తర్వాత ఇలా వస్తున్నవాళ్ళు మీరు ఒక్కరే కాదు" అంది. కడుపు మాడ్చుకోవద్దంది, మూడు పూటలా వేళకి, ఎవరో ఒకరితో కూర్చుని తినమంది, తినేటప్పుడు ఫోను వేరే గదిలో పెట్టమంది. "ముందు ఆ కాటా ఎక్కడం మానండి" అంది. నేను తల ఊపుతుంటే ఆవిడ నా భార్య వైపు తిరిగింది. "మీరేం తింటున్నారమ్మా?" నా భార్య చీర కొంగు వేలికి చుట్టుకుంటూ ఉండిపోయింది. డాక్టరమ్మ ఇంకో చీటీ తీసింది. ఒకరికి వైద్యం అని వెళ్ళి ఇద్దరం పేర్లు రాయించుకుని వచ్చాం.

తేలిగ్గా అయిపోయిందని చెబితే అబద్ధం. మొదట్లో ఫోను లేకుండా కంచం ముందు కూర్చుంటే ఎడం చేతిని ఏం చెయ్యాలో తెలిసేది కాదు. ఒకసారి కాటా గదిలో బన్నుల ప్యాకెట్టు మొత్తం తినేసి, సాయంత్రం వచ్చి నేరం ఒప్పుకున్నట్టు చెప్పాను. తను కళ్ళెర్ర చెయ్యలేదు. "పొద్దున టిపిను మానీసేవా?" అంది. అవునన్నాను. "మరందుకే" అని అన్నం వడ్డించింది. అప్పటి నుంచి ఒకటి పెట్టుకున్నాను. నిన్న ఎంత తిన్నా సరే, పొద్దున్నే కాటా ఊడ్చి సున్నా చూసుకున్నట్టు, పొద్దుటి టిఫిన్ మాత్రం మానను. ఇప్పుడు నెలలో చాలా రోజులు మామూలు మనిషినే. భీమిలి డ్రైవరు "కాటా ఎక్కట్లేదేటి బావా?" అంటాడు. "డాక్టరమ్మ నా పర్మిట్టు రద్దు సేసీసింది" అంటాను.

నాకంటే తనకే ఆలస్యం అవుతోంది. నేను ఇంట్లో ఉన్న పూట బాగానే తింటుంది. నేను డ్యూటీకి వస్తే మధ్యాహ్నం మళ్ళీ పొయ్యి దగ్గర నిలబడిపోతుందని అత్తగారు రహస్యంగా చెప్పింది. అందుకని ఒంటిగంటన్నరకి క్యారేజీ బల్ల మీద పెట్టి ఇంటికి ఫోను చేస్తాను. స్పీకర్ నొక్కి, ఫోను బోర్లా పడుకోబెడతాను. డాక్టరమ్మని అడిగే చేస్తున్నాను. బొమ్మ లేకపోతే పరవాలేదంది.

మొన్న అలాగే చేశాను. పోపు చిటపటలాడుతున్న చప్పుడు వినిపించింది.

"కూకున్నావా?" అన్నాను.

"ఆఁ, కూకున్నాను."

"పొయ్యి సప్పుడు ఇనపడతంది."

వెనకాల మంచం మీద నుంచి అత్తగారి గొంతు వచ్చింది. "నిలబడే ఉంది బాబూ. నాను సెప్తే ఇంటాదా, నువ్వే సెప్పు."

"కూకోయే" అన్నాను. "నువ్వు కూకున్నదాకా నాను మూత తీను."

పొయ్యి ఆగింది. పీట నేల మీద ఈడ్చిన చప్పుడైంది. కంచం పెట్టిన చప్పుడైంది. ఆ తర్వాత గరిటెతో కంచం అంచు మీద రెండుసార్లు తట్టింది, అప్పట్లో మెట్టు మీద తట్టినట్టే.

"దా మావా, తిందాం" అంది.

బయట లారీ వాడు హారన్ కొడుతున్నాడు. కొట్టుకోనీ అనుకుని క్యారేజీ మూత తీసి అన్నం కలిపాను.