ముందు సీట్లో తువ్వాలు

కిటికీలోంచి తువ్వాలు విసిరి బస్సులో సీటు పట్టలేనివాడు జీవితంలో ఇంకేం సాధిస్తాడని అమీనా బీ నమ్మకం. ఆ లెక్కన ఆమె కొడుకు సుభానీ ఎందుకూ పనికిరానివాడే. బోర్లు వేసే కంప్రెషర్లు బాగుచెయ్యడంలో నరసరావుపేట మొత్తమ్మీద అతనికి పేరుండొచ్చు. జిద్దాలో బోరుబావుల కంపెనీవాళ్ళు పిలిచి మరీ ఉద్యోగం ఇచ్చి ఉండొచ్చు. అవన్నీ వేరే సంగతి. సీటు సంగతి వేరు.

అలా అనే హక్కు ఆమెకుంది. అమీనా బీ పరుపులు కుట్టేది. క్రోసూరు, అచ్చంపేట వైపు ఊళ్ళలో పెళ్ళిళ్ళవాళ్ళు కబురు పెడితే సూదీ దారం మూటగట్టుకుని బస్సెక్కేది. వాళ్ళ అరుగు మీదే కూర్చుని దూది నింపి, కుట్టి, సాయంత్రానికి తిరిగొచ్చేది. డెబ్భై ఎనిమిదిలో అలాగే బయల్దేరింది. కోటప్పకొండ తిరునాళ్ళ మర్నాడు. బస్టాండులో కాలు పెట్టడానికి సందు లేదు. పంతొమ్మిదేళ్ళ సుభానీ తల్లి కోసం ముందే పరుగెత్తి తువ్వాలు విసిరాడు. అది సరిగ్గా సీట్లోనే పడింది. కానీ జనాన్ని తోసుకుని అతను లోపలికి వెళ్ళేసరికి ఒక మీసాలాయన ఆ తువ్వాలు తీసి పక్కన పడేసి దర్జాగా కూర్చుని ఉన్నాడు. 'అది మాదండీ' అన్నాడు సుభానీ. ఆయన తల తిప్పలేదు. రెండోసారి అనడానికి సుభానీకి నోరు పెగల్లేదు. తల్లి మెట్టు మీదే వేలాడింది. మలుపులో జనం ఒక్కసారి ఒరిగారు, ఆమె రోడ్డు మీద పడింది. మోకాలి చిప్ప పగిలింది. కట్టు కట్టారు, విప్పారు. కాలు మాత్రం చాపింది చాపినట్టే ఉండిపోయింది, మళ్ళీ వంగలేదు.

కాలు పోయినందుకు అమీనా బీ కొడుకుని ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. 'పోనీలేరా, పరుపులు కుట్టడానికి చాపిన కాలే నయం' అంది. ఆ మాట సుభానీని పదేళ్ళు నిద్రపోనివ్వలేదు.

ఆమె పని మానలేదు, ప్రయాణాలూ మానలేదు. వారానికి రెండుసార్లు అదే బస్సెక్కుతుంటే డ్రైవరు రోశయ్య తన ఎడమచేతి వైపు, ఇంజను పక్కనున్న సీటు ఆమెకి ఖాయం చేశాడు. కాలు బారజాపుకునే వీలున్నది ఆ బస్సులో అదొక్కటే. ఎవరన్నా ఆ సీట్లో కూర్చోబోతే రోశయ్య వెనక్కి కూడా చూడకుండా 'అది అక్క సీటు' అనేవాడు. రోజూ వచ్చేవాళ్ళకి ఆమాత్రం మర్యాద లేకపోతే ఇంక బస్సు నడపడం దేనికన్నది అతని వాదన. నన్నడిగితే రోశయ్యంత న్యాయం తెలిసిన అధికారులు తక్కువ.

ఎనభై నాలుగులో సుభానీ జిద్దా వెళ్ళాడు. అక్కడి కంప్రెషర్లు పాడైతే అరిగిపోయిన భాగాల్ని బొంబాయి వర్క్‌షాపుకి మోసుకొచ్చి, సరిచేయించుకుని తిరిగి తీసుకెళ్ళాలి. పెట్టెలో పెట్టి పంపిస్తే నెలలు పడుతుంది, అక్కడ పని ఆగిపోతుంది. అందుకని ఒక మనిషి విమానంలో తిరుగుతూ ఉండాలి. ఇనప ముక్కలు మోసుకుంటూ అయిదేసి గంటలు ఇరుక్కుని కూర్చోవడం ఎవరికిష్టం? ఒకరిద్దరు వెళ్ళొచ్చి నడుం నొప్పులన్నారు. ఆ పని సుభానీ నెత్తిన పడింది. అతనికీ సీటు ఎప్పుడూ చిట్టచివర, పాయిఖానా పక్కనే. వచ్చేపోయేవాళ్ళు భుజం రాసుకుని పోతుంటే కళ్ళు మూసుకుని కూర్చునేవాడు.

ఒకసారి బొంబాయి కౌంటర్లో ఉన్నాయన అతన్ని గుర్తుపట్టి చెప్పాడు. "ఏడాదిలో ఇరవై ప్రయాణాలు చేసినవాళ్ళకి మా కంపెనీ కార్డు ఇస్తుంది. కార్డు ఉంటే, ముందు వైపు పెద్ద సీట్లలో ఖాళీ ఉన్నప్పుడు మిమ్మల్ని అక్కడ కూర్చోబెడతాం. అదనంగా ఏమీ కట్టక్కర్లేదు."

"ఖాళీ ఉంటే" అన్నాడు సుభానీ.

"ఉంటేనే. అది మీ అదృష్టం."

ఆ సాయంత్రం నుంచి సుభానీ మనిషి మారిపోయాడు. పండగనాడైనా, జ్వరమైనా సరే, బొంబాయి పని ఉందంటే 'నేను పోతా' అని ముందుకొచ్చేవాడు. బోర్డింగ్ పాసు ముక్కలన్నీ బిస్కెట్ల డబ్బాలో దాచాడు. ఎనభై ఏడు డిసెంబరులో ఇరవయ్యో ప్రయాణం పూర్తయింది. పేరు ఉబ్బెత్తుగా అచ్చయిన నీలం కార్డు చేతికొచ్చింది. తోటివాళ్ళు దర్జా కోసమనుకున్నారు. అతను మాత్రం మొదటిసారి ముందు సీటు దొరికిన రోజున, పక్కాయన విస్తుపోయి చూస్తుంటే, వంగి జానతో కొలిచాడు. వెనక సీట్లో వీపు ఆనే చోటు నుంచి ఎదుటి సీటుదాకా మూడు జానలు. ఇక్కడ అయిదు దాటింది. ఇంటికెళ్ళినప్పుడు తల్లి నిద్రలో ఉండగా ఆమె కాలు కొలిచాడు. నాలుగు జానలు.

అమీనా బీకి జీవితంలో మిగిలిన కోరిక ఒక్కటే, మదీనా చూసి, అక్కణ్ణుంచి మక్కా వెళ్ళి రావాలని. నలుగురూ తీసుకెళ్తామన్నా ఆమె కదల్లేదు. కాలు దారిలోకి చాపి కూర్చుంటే వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ తన్నుకుంటారు, వాళ్ళకి క్షమాపణలు చెప్తూ అల్లా ఇంటికి వెళ్ళనంది.

"ముందు సీటు ఖాయమైతే చెప్పు, వస్తా" అంది కొడుకుతో. "సీటు కోసం నేను ఎవర్నీ బతిమాలను. నువ్వూ బతిమాలబాక."

"కార్డుందమ్మా" అన్నాడు సుభానీ. ఖాళీ ఉంటేనే అన్న సంగతి మింగేశాడు.

ఆమెకి అది చాలు. పక్కింటి పున్నమ్మకి ఆ పూటే చెప్పేసింది. "మావోడికి ఇమానంలో ముందు సీటంట."

"తువ్వాలేసొచ్చాడా వదినా?" అంది పున్నమ్మ ఎకసెక్కంగా.

"కార్డంట. తువ్వాలు లాంటిదే."

అబద్ధం ఆడిన మెకానిక్కు ఊరుకోడు, దాన్ని నిజం చేసే దారి వెతుకుతాడు. సుభానీ ప్రతి ప్రయాణంలోనూ లోపలికి అడుగుపెడుతూనే ముందు ఖాళీలు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. గురు, శుక్రవారాల్లో కాంట్రాక్టర్లతో నిండిపోతుంది. మంగళవారం పొద్దున విమానంలో మాత్రం ఎప్పుడూ మూడు నాలుగు ఖాళీలు ఉంటున్నాయి. అందుకని ఎనభై ఎనిమిది అక్టోబరులో ఒక మంగళవారానికి రెండు టికెట్లు తీసుకున్నాడు. రైల్లో కింది బెర్తు మీద కాలు చాపి తల్లిని బొంబాయి చేర్చాడు.

ఆ మంగళవారం ముందు వైపు ఖాళీ ఉన్నది ఒకే ఒక్క సీటు.

"అది మీకు" అంది కౌంటర్లో అమ్మాయి నీలం కార్డు చూసి.

"మా అమ్మకివ్వండి. నేను వెనక కూర్చుంటా."

"కార్డు ఎవరిదో సీటు వాళ్ళదే. ఆవిడకి కార్డు లేదు కదండీ." ఆ అమ్మాయి మర్యాదగానే చెప్పింది. రూలు రాసినవాళ్ళకి తల్లులుంటారని ఎవరనుకుంటారు?

సుభానీ కార్డు జేబులో పెట్టుకున్నాడు. ఆ సీటు చీటీ, తల్లి పేరున ముప్ఫై ఒకటో వరస చీటీ, రెండూ తీసుకున్నాడు. చక్రాల కుర్చీ కాబట్టి వాళ్ళని అందరికంటే ముందు ఎక్కించారు. లోపలికి వెళ్ళగానే అతను భుజం మీది ఎర్రగళ్ళ తువ్వాలు తీసి ముందు సీట్లో పరిచాడు. నలభైసార్లు విమానం ఎక్కిన మనిషి, విమానంలో తువ్వాలు వేసిన మొట్టమొదటి మనిషి కూడా బహుశా అతనే. తల్లి చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టబోయాడు.

ఎయిర్ హోస్టెస్ చీటీలు చూసింది. అమీనా బీని వెనక్కి తీసుకెళ్ళమంది. సుభానీ తనకొచ్చిన హిందీలో కాలు సంగతి చెప్పాడు. ఆమె జాలిపడింది గానీ తల అడ్డంగా ఊపింది. "మీరు కూర్చోకపోతే ఈ సీటు జాబితాలో మీ తర్వాత ఉన్నవాళ్ళకి వెళ్తుంది. అదిగో, ఆయనే వస్తున్నారు."

వెనక ప్రయాణికులు ఎక్కుతున్నారు. సఫారీ సూటులో ఒక భారీ మనిషి దగ్గరికొచ్చి ఆగాడు. ఆయనకి చోటివ్వడానికి ఎయిర్ హోస్టెస్ వంగి తువ్వాలు అందుకోబోయింది.

సీటు పట్టుకుని నిలబడ్డ అమీనా బీకి భాష తెలియకపోయినా జరుగుతున్నది మొత్తం తెలిసింది. ముఖం ఎర్రబడింది. "పదరా, దిగిపోదాం. నేను ముందే చెప్పా. అడుక్కుని పోయే యాత్ర నాకొద్దు."

సుభానీ కళ్ళముందు పదేళ్ళనాటి బస్సు మెదిలింది. ఆ మీసాలాయనా, పక్కన పడేసిన తువ్వాలూ, తన నోట్లోనే ఉండిపోయిన రెండో మాటా గుర్తుకొచ్చాయి. తువ్వాలు మీద చెయ్యి గట్టిగా ఆనించాడు.

"అడుక్కోవటంలేదమ్మా. తువ్వాలేశా" అన్నాడు. తర్వాత, విమానం సగానికి వినబడేంత గట్టిగా, హిందీ కూడా మర్చిపోయి తెలుగులోనే అన్నాడు. "తువ్వాలు తియ్యొద్దు మేడం. ఈ సీటు మాది!"

ఎయిర్ హోస్టెస్‌కి ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ సఫారీ సూటాయన వంగి తువ్వాలు చూశాడు, ముసలామె కాలు చూశాడు.

"ఏ ఊరు తమ్మీ మీది?"

"నరసరావుపేటండీ."

"మాది మిర్యాలగూడ. కృష్ణ దాటితే మీరే." ఎయిర్ హోస్టెస్ ఆయన్ని 'ఫరీద్ సాబ్' అని వినయంగా పలకరించింది. జిద్దాలో పెద్ద కాంట్రాక్టరట. ఆయన ఆమెవైపు తిరిగి హిందీలో అడిగాడు. "ఇతను కూర్చోకపోతే ఈ సీటు నాదేనా?"

"మీదే సార్."

"మరి నేను కూర్చోవాలంటే ఈ తువ్వాలు తియ్యాలె. మా దిక్కు ఎవలన్నా తువ్వాలేసిన సీట్ల కూసునుడు శానా తప్పు. నాతోని కాదు." సగం హిందీ, సగం తెలుగు కలిపి చెప్పేసి, చేతిసంచీ భుజానికి తగిలించుకున్నాడు. "నా సీటు అమ్మకిస్తున్న. నేను నా పాత సీట్లకు పోత. ఎవలన్నా అడిగితే నా పేరు చెప్పు."

సుభానీ మాటకి లేని బరువు ఆయన మాటకుంది. ఆలస్యంగా వచ్చి జాబితాలో వెనకపడ్డాడు గానీ, ఆయన జేబులో ఉన్నది నీలం కంటే పై మెట్టు, బంగారు రంగు కార్డు. ఎయిర్ హోస్టెస్ వెళ్ళి పెద్ద స్టీవార్డుని పిలుచుకొచ్చింది. అతను వెనక పేరుకుపోయిన జనాన్ని చూసి, కాలు చూసి, ఊ అన్నాడు. న్యాయానికి సిఫార్సు కావలసి రావడం నాకు నచ్చదు. అయినా ఆ పూటకి ఫరీద్ సాబ్ పదికాలాలు చల్లగా ఉండాలనే అంటాను.

అమీనా బీ తువ్వాలు మీదే కూర్చుంది. కాలు బారజాపింది. ఎదుటి సీటుకి ఇంకా జానెడు ఎడముంది. ఆమె ఆ ఎడం చూసి, కొడుకుని చూసింది. అతని చెంప తడిమింది. సుభానీకి కళ్ళనీళ్ళు ఆగలేదు. దాచుకోనూ లేదు.

ముప్ఫై ఒకటో వరసలో, పాయిఖానా పక్కన, జిద్దా దాకా సుభానీ ఒళ్ళు మరిచి నిద్రపోయాడు. పదేళ్ళ నిద్ర ఒక్కసారే పట్టింది. విమానం నేలకి తగిలినప్పుడు గానీ మెలకువ రాలేదు.

జనమంతా దిగాక ముందుకెళ్ళేసరికి తల్లి అప్పటికే చక్రాల కుర్చీలో కూర్చుని ఉంది. ముఖం కళకళలాడుతోంది. సుభానీ అలవాటుగా భుజం తడుముకున్నాడు. తువ్వాలు లేదు.

"తువ్వాలేదమ్మా?"

"సీట్లోనే పరిచొచ్చా."

"మర్చిపోయావా?"

"మర్చిపోవటమేందిరా? పదిహేను రోజులకి తిరిగి పోవాల్నా లేదా? మన సీటు మనకుండొద్దా?"

సుభానీ పక్కున నవ్వబోయాడు. ఇది రోశయ్య బస్సు కాదనీ, ఈ విమానం రేపటికి ఏ దేశంలో ఉంటుందో ఎవరికీ తెలియదనీ, ఇక్కడ తువ్వాళ్ళు చెల్లవనీ చెప్పడానికి నోరు తెరిచాడు. పొద్దున చెల్లిన సంగతి గుర్తొచ్చి నోరు మూసుకున్నాడు.

"సరేలేమ్మా, ఉంటుందిలే" అని కుర్చీ మెల్లగా ముందుకి తోశాడు.